ప్రోస్టేట్ క్యాన్సర్‌కు రేడియేషన్ ముందు ఎంఆర్ఐ: ఎప్పుడు, ఎలా తీయించుకోవాలి

"బయాప్సీలో తేలిపోయింది కదా, మళ్లీ ఎంఆర్ఐ దేనికి?" "ఆరు నెలల కిందట తీసిన ఎంఆర్ఐ ఉంది, అది పనికిరాదా?" "కర్నూలులో తీయించి హైదరాబాద్ తీసుకెళితే ఒప్పుకుంటారా?" ప్రోస్టేట్ క్యాన్సర్‌కు రేడియేషన్ ఇవ్వాలని డాక్టర్లు చెప్పిన ఇళ్లలో ఈ మూడు ప్రశ్నలు తప్పకుండా పుడతాయి. అడిగేది ఎక్కువగా కొడుకులూ కూతుళ్లూ. పెద్దాయన మాత్రం "వాళ్లు చెప్పినట్లే చేద్దాంలే" అని ఊరుకుంటాడు.

రేడియేషన్ ప్లానింగ్ పనిలో ఉన్నవాడిగా నేను గట్టిగా చెప్పేది ఇదే: ఎంఆర్ఐని ఏ సెంటర్‌లో తీయించారన్నది రెండో సంగతి. ఎప్పుడు తీయించారు, తీసేటప్పుడు శరీరం ఏ స్థితిలో ఉంది అన్నవే మొదట చూడాలి. పంట డబ్బులు పెట్టి తీయించిన స్కాన్‌ను తేదీ కుదరకనో, మూత్రాశయం ఖాళీగా ఉందనో పక్కన పెట్టాల్సి వచ్చినప్పుడు చాలా బాధగా ఉంటుంది. ఆ నష్టం మీకు జరగకూడదని ఇదంతా రాస్తున్నాను.

ఎందుకు తీస్తారు

రేడియేషన్ లెక్కలు సీటీ స్కాన్ మీద వేస్తారు. కిరణాలు ఏ కణజాలంలో ఎంత తగ్గుతాయో లెక్కగట్టడానికి కావలసిన సాంద్రత వివరాలు సీటీ ఇస్తుంది. అయితే సీటీలో ప్రోస్టేట్ అంచులు మసకగా ఉంటాయి. పైన మూత్రాశయంతో, కింద కటి కండరాలతో, వెనుక పురీషనాళంతో కలిసిపోయినట్లు కనిపిస్తాయి. అందువల్ల సీటీ ఒక్కటే చూసి గీసిన ప్రోస్టేట్, ఎంఆర్ఐ చూసి గీసినదానికన్నా సుమారు మూడో వంతు పెద్దదిగా వస్తుందని అధ్యయనాలు చెబుతున్నాయి. అలా ఎక్కువగా గీసిన చోట ఉండేవి మూత్రాశయం మెడ, పురీషనాళం ముందు గోడ, అంగస్తంభనకు పనికివచ్చే నరాలు, రక్తనాళాలు. అవసరం లేకుండా వాటికి డోసు తగిలితే తర్వాత మూత్రంలో మంట, మలంలో రక్తం వంటి ఇబ్బందులు వచ్చే అవకాశం పెరుగుతుంది.

ఎంఆర్ఐలో ఆ అంచులు స్పష్టంగా కనిపిస్తాయి. కంప్యూటర్‌లో సీటీ మీద ఎంఆర్ఐని సరిగ్గా కుదిరేలా పరుస్తారు. దీన్ని ఫ్యూజన్ అంటారు. హద్దురాళ్లు కలిసేలా రెండు పొలం పటాలను ఒకదానిపై ఒకటి పరచడం లాంటిది ఇది. రాళ్లు కలవకపోతే గీసిన గీత పక్కవాడి పొలంలో పడుతుంది. కింద చెప్పే జాగ్రత్తల్లో చాలావరకు ఆ రాళ్లు కలవడం కోసమే.

ఎంఆర్ఐలో రేడియేషన్ ఉండదు. అయస్కాంతం, రేడియో తరంగాలతో తీసే బొమ్మ అది. "ఎన్ని స్కాన్‌లు తీస్తారు, శరీరం పాడవదా?" అనే దిగులు ఈ విషయంలో అక్కర్లేదు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- బయాప్సీ రిపోర్టు, బయాప్సీ చేసిన తేదీతో సహా
- మొదటి నుంచి ఇప్పటివరకు చేయించిన పీఎస్ఏ (ప్రోస్టేట్ కోసం చేసే రక్తపరీక్ష) రిపోర్టులు, తేదీల వరుసలో
- ఇదివరకు ఎంఆర్ఐ, సీటీ, బోన్ స్కాన్ తీసి ఉంటే వాటి సీడీలు (ఫిల్ములు చాలవు)
- ఇటీవలి సీరం క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) రిపోర్టు
- హార్మోన్ ఇంజెక్షన్ (క్యాన్సర్‌ను పెంచే పురుష హార్మోన్‌ను తగ్గించేది) వేయించి ఉంటే దాని పేరు, వేసిన తేదీ
- పేస్‌మేకర్, స్టెంటు, కీలు మార్పిడి, ఎముకలో ప్లేటు వంటివి ఉంటే ఆ ఆపరేషన్ కాగితాలు, ఇంప్లాంట్ కార్డు
- వాడుతున్న మాత్రల చీటీ
- ఆధార్, ఆరోగ్యశ్రీ కార్డు లేదా రేషన్ కార్డు
- కొలత గీతలున్న లీటరు నీళ్ల సీసా
- జిప్పు, లోహపు గుండీలు లేని నాడా పైజామా లేదా నూలు పంచె

1. ఏ ఎంఆర్ఐ అడుగుతున్నారో తేల్చుకోండి

తికమక అంతా ఇక్కడే మొదలవుతుంది. ప్రోస్టేట్ విషయంలో ఎంఆర్ఐ రెండు పనులకు తీస్తారు.

ఒకటి, జబ్బు ఎంతవరకు వచ్చిందో చూడడానికి. గడ్డ ఎక్కడ ఉంది, ప్రోస్టేట్ పైపొర దాటిందా, వీర్యకోశాల్లోకి వెళ్లిందా, పక్కనున్న లింఫు గ్రంథులు ఉబ్బాయా అన్నవి ఇందులో తెలుస్తాయి. ఈ జవాబులను బట్టి చికిత్స మారుతుంది. మధ్యస్థ ముప్పు ఉన్నవారికి హార్మోన్ చికిత్స అవసరమైతే సాధారణంగా 4 నుంచి 6 నెలలు ఇస్తారు. పైపొర దాటిన, ఎక్కువ ముప్పు ఉన్న జబ్బుకు ఏడాదిన్నర నుంచి మూడేళ్ల దాకా ఇస్తారు.

రెండోది, రేడియేషన్ గీతలు గీయడానికి తీసే ప్లానింగ్ ఎంఆర్ఐ. దీన్ని సీటీ సిమ్యులేషన్ (రేడియేషన్ లెక్కల కోసం సీటీ తీయడం) రోజునే, కుదరకపోతే ఒకటి రెండు రోజుల తేడాతో తీయాలి.

డాక్టర్‌ను సూటిగా అడగండి: "ఇది జబ్బు దశ తెలుసుకోవడానికా, ప్లానింగ్‌కా, రెండింటికీ ఒక్కటే సరిపోతుందా?" హార్మోన్ ఇంజెక్షన్ లేకుండా నేరుగా రేడియేషన్‌కు వెళ్లేవారికి కొన్నిసార్లు ఒక్క స్కాన్‌తోనే రెండు పనులూ అవుతాయి. ముందు అడిగితే ఒక స్కాన్ ఖర్చు మిగలవచ్చు.

2. తేదీల వరుస కుదుర్చుకోండి

ఒక కాగితం మీద బయాప్సీ, ఎంఆర్ఐ, హార్మోన్ ఇంజెక్షన్, సీటీ సిమ్యులేషన్ తేదీలు రాసుకోండి. వరుస తప్పితే తర్వాత దిద్దుకోలేని పొరపాట్లు రెండు ఉన్నాయి.

మొదటిది, బయాప్సీ అయిన వారానికే ఎంఆర్ఐ తీయించడం. సూది గుచ్చిన చోట్ల రక్తం గడ్డకట్టి ఉంటుంది. బొమ్మలో అది క్యాన్సర్ మచ్చను కప్పేస్తుంది, లేదా మచ్చ లేనిచోట ఉన్నట్లు చూపుతుంది. కనీసం 6 నుంచి 8 వారాలు ఆగడం మంచిది. అసలు బయాప్సీకి ముందే ఎంఆర్ఐ తీయించి ఉంటే ఈ చిక్కే ఉండదు. ఇంకా బయాప్సీ దశకు రానివారు ఈ మాట యూరాలజిస్టును తప్పకుండా అడగండి.

రెండోది, హార్మోన్ ఇంజెక్షన్ వేయించిన తర్వాత దశ తెలుసుకునే ఎంఆర్ఐకి వెళ్లడం. ఇంజెక్షన్‌తో ప్రోస్టేట్ కుంచించుకుపోతుంది. మూడు నెలల్లో పావు వంతు నుంచి మూడో వంతు దాకా తగ్గవచ్చు. మచ్చ కూడా వెలిసిపోతుంది. వృషణాలు తొలగించే ఆపరేషన్ చేయించుకున్నా ఇలాగే జరుగుతుంది. పైపొర దాటిందా లేదా అన్న ప్రశ్నకు అప్పుడు నమ్మకమైన జవాబు దొరకదు.

మచ్చ ఎక్కడుందో ముందే కచ్చితంగా తెలిస్తే ఇంకో ప్రయోజనం ఉంది. నెదర్లాండ్స్, బెల్జియంలలో 571 మందితో జరిగిన ఫ్లేమ్ అనే పరీక్షలో ప్రోస్టేట్ మొత్తానికి 35 సిట్టింగుల్లో 77 గ్రే (రేడియేషన్ డోసు కొలత) ఇచ్చారు. ఒక వర్గానికి ఎంఆర్ఐలో కనిపించిన మచ్చకు మాత్రం 95 గ్రే దాకా పెంచారు. ఐదేళ్లకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు ఆ వర్గంలో 92 శాతం, మామూలు డోసు వర్గంలో 85 శాతం. 2021లో వచ్చిన ఈ ఫలితాల్లో దుష్ప్రభావాలు చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. ఇంజెక్షన్‌కు ముందు తీసిన ఎంఆర్ఐ సీడీని భద్రంగా దాచమని అందుకే పదేపదే చెబుతాను.

"మరి ఆ సీడీ ఉండగా ప్లానింగ్‌కు ఇంకొకటి దేనికి?" ఇంజెక్షన్ తర్వాత ప్రోస్టేట్ చిన్నదైంది కాబట్టి. ఈ రోజు సీటీలో ఉన్న ప్రోస్టేట్ మీద మూడు నెలల కిందటి పెద్ద ప్రోస్టేట్‌ను పరిస్తే రెండూ కలవవు.

హెచ్చరిక: హార్మోన్ ఇంజెక్షన్ ఇప్పటికే మొదలైతే ఎంఆర్ఐ కోసమని మీరే ఆపవద్దు. అలాగే వెన్నులో తీవ్రమైన నొప్పితో పాటు కాళ్లలో బలం తగ్గడం, తిమ్మిరి ఎక్కడం, మూత్రం పూర్తిగా ఆగిపోవడం వంటివి ఉంటే పైన చెప్పిన వారాల లెక్కలన్నీ పక్కన పెట్టి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. వెన్నుపాము నలిగిపోతున్నప్పుడు గంటలు కూడా విలువైనవే.

3. చీటీ సరిగా రాయించుకోండి

చీటీ మీద వట్టి "ఎంఆర్ఐ పెల్విస్" అని ఉంటే స్కాన్ సెంటర్‌వారు కటి భాగం మొత్తానికి మామూలుగా తీసే బొమ్మలు తీసి పంపవచ్చు. కోతలు (శరీరాన్ని పొరలు పొరలుగా చూపే బొమ్మలు) మందంగా ఉంటాయి, ప్రోస్టేట్‌కు అవి చాలవు. దశ తెలుసుకోవడానికైతే "మల్టీపారామెట్రిక్ ఎంఆర్ఐ ప్రోస్టేట్" (ప్రోస్టేట్‌ను కొన్ని రకాల బొమ్మలతో చూసేది) అని రాయించండి. ప్లానింగ్ కోసమైతే ఈ వివరాలు కూడా ఉండాలి:

- రేడియేషన్ ప్లానింగ్ కోసం అన్న మాట
- 3 మిల్లీమీటర్లు లేదా అంతకన్నా సన్నని టీ2 (ఎంఆర్ఐలో ఒక రకం బొమ్మ) అడ్డకోతలు, మధ్యలో ఖాళీ వదలకుండా
- కోతలు సీటీలో లాగే శరీరానికి సరిగ్గా అడ్డంగా ఉండాలి, ప్రోస్టేట్ వాలును బట్టి ఏటవాలుగా తీయకూడదు
- వీర్యకోశాల పైనుంచి పురుషాంగ మూలం దాకా మొత్తం రావాలి
- మలద్వారంలోకి పంపే కాయిల్ వాడకూడదు (అది ప్రోస్టేట్‌ను నొక్కి ఆకారం మార్చేస్తుంది)
- మూత్రాశయం ఎంత నిండి ఉండాలి

వీటిని డాక్టర్లు రెండు వరుసల్లో రాసేస్తారు. ఆ రెండు వరుసలు లేకుండా గది దాటి బయటకు రాకండి.

4. ఎక్కడ తీయించాలి

నా అభిప్రాయం: దశ తెలుసుకునే ఎంఆర్ఐని మీ ఊరికి దగ్గర్లో, ప్రోస్టేట్ స్కాన్‌లు తరచూ తీసే సెంటర్‌లో తీయించుకోవచ్చు. ప్లానింగ్ ఎంఆర్ఐని మాత్రం రేడియేషన్ ఇచ్చే ఆసుపత్రిలోనే, లేకపోతే దాని పక్కనే తీయించండి. కర్నూలు మెడికల్ కాలేజీలోని స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లినా, కడప నుంచి తిరుపతికి, అనంతపురం నుంచి బెంగళూరు కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లినా ఇదే మాట. సీటీ తిరుపతిలో ఈ రోజు, ఎంఆర్ఐ కడపలో పది రోజుల కిందట అంటే ఆ రెండు రోజుల్లో కడుపులో గాలి, మూత్రాశయం, పడుకున్న తీరు ఒకేలా ఉండవు.

3 టెస్లా (అయస్కాంత బలం కొలత) యంత్రమే కావాలని పట్టుబట్టాల్సిన పని లేదు. మంచి 1.5 టెస్లా యంత్రంలో పద్ధతిగా తీసినది చాలు. రేడియేషన్ బల్ల చదునుగా ఉంటుంది, ఎంఆర్ఐ పరుపు కొంచెం గుంటగా ఉంటుంది. కాబట్టి ప్లానింగ్ స్కాన్‌కు చదునైన బల్ల పలక వేస్తారా అని అడగండి. లేదంటే అదొక్కటే కారణంగా వేరే ఊరు వెళ్లకండి, రేడియేషన్ డాక్టర్‌కు ఆ సంగతి చెబితే చాలు.

ఖర్చు సంగతి: డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద, అంటే అందరూ ఆరోగ్యశ్రీ అనే పథకం కింద రేడియేషన్ తీసుకుంటుంటే, ఆ ప్యాకేజీలో ఎంఆర్ఐ కూడా ఉందో లేదో బయట డబ్బు కట్టకముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. 104కు ఫోన్ చేసినా వివరాలు చెబుతారు. బయట కట్టేసిన తర్వాత అడిగితే తిరిగి రాబట్టుకోవడం కష్టం.

5. ఒంట్లో, ఒంటి మీద ఉన్న లోహం

ఈ మెట్టులో తొందర పనికిరాదు. ఎంఆర్ఐ అయస్కాంతం ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది. స్కాన్ మొదలుకాకపోయినా గదిలోకి ఇనుము వెళ్లకూడదు.

పేస్‌మేకర్, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్, మెదడు రక్తనాళానికి వేసిన క్లిప్పు ఉంటే ముందే చెప్పాలి. కొన్ని రకాలకు ఎంఆర్ఐ తీయవచ్చు, కొన్నింటికి కూడదు. తేల్చేది ఇంప్లాంట్ కార్డు. గుండె స్టెంట్లు, కీలు మార్పిడి ఉన్నవారిలో ఎక్కువమందికి ఇబ్బంది ఉండదు. అయితే తుంటి కీలు మార్చి ఉంటే బొమ్మ ఆ వైపు వంకర పోవచ్చు. అలాంటివారికి సీటీలో కూడా ఆ లోహం చారలు కమ్మేస్తాయి కాబట్టి ఎంఆర్ఐ విలువ ఇంకా ఎక్కువ.

మన వైపు ప్రత్యేకంగా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. తాడిపత్రి, బేతంచెర్ల బండల పనిలో, వెల్డింగ్ షెడ్డులో, లేత్ మిషన్ దగ్గర ఎప్పుడైనా పనిచేశారా? ఉలి దెబ్బకు ఎగిరిన ఇనుప రజను కంట్లో ఉండిపోయి, ముప్పై ఏళ్లుగా ఏ బాధా పెట్టకుండా ఉండవచ్చు. అయస్కాంతం దగ్గర అది కదిలితే చూపే పోవచ్చు. అనుమానం ఉంటే ముందు కంటి ఎక్స్‌రే తీస్తారు. క్వారీ పేలుడులోనో, పాత గొడవల్లోనో ఒంట్లో దిగి ఉండిపోయిన ముక్కల సంగతి కూడా దాచకండి. కొడుకు ముందు చెప్పడానికి పెద్దాయన మొహమాటపడితే టెక్నీషియన్‌తో ఆయన్ను ఒంటరిగా మాట్లాడనివ్వండి.

ఇక మొలతాడు. ఒట్టి నూలు దారమైతే పేచీ లేదు. వెండి మొలతాడు, దారానికి కట్టిన వెండి బిళ్ల, రాగి తాయెత్తు, తాళంచెవి మాత్రం తీయాలి. అవి సరిగ్గా కటి దగ్గరే ఉంటాయి. బొమ్మను చెడగొడతాయి, వేడెక్కి చర్మాన్ని కాల్చే ప్రమాదం కూడా ఉంది. జరీ పోగు కలిసిన దారానికీ ఇదే వర్తిస్తుంది. బతికున్న మనిషికి మొలతాడు తీయకూడదని పెద్దవాళ్లు గట్టిగా అంటారు. స్కాన్ గది గుమ్మంలో ఆ వాదన పెట్టుకుంటే మీ వంతు దాటిపోతుంది. ముందురోజు ఇంట్లోనే కొత్త నూలు దారం కట్టించి, ఆ తర్వాత పాతది తీయించండి. ఉంగరం వేలికి బిగుసుకుపోయి ఉంటే దాన్ని కూడా ముందురోజే సబ్బునీళ్లతో తీయించాలి. కట్టుడు పళ్లు, వినికిడి యంత్రం, ఏటీఎం కార్డు, ఫోను బయట పెట్టాలి.

మూత్రపు గొట్టం ఉన్నవారు ఆ మాట చెప్పండి. మామూలు రబ్బరు, సిలికాన్ గొట్టాలతో సాధారణంగా ఇబ్బంది ఉండదు. ఉష్ణోగ్రత కొలిచే తీగ ఉన్న రకమైతే మార్చాలి.

6. కాంట్రాస్ట్ మందు, కిడ్నీలు

ప్లానింగ్ ఎంఆర్ఐకి మామూలుగా కాంట్రాస్ట్ (బొమ్మ స్పష్టంగా రావడానికి ఇచ్చే మందు) అవసరం ఉండదు. దశ తెలుసుకునేదానికి నరం ద్వారా గాడోలినియం మందు ఇవ్వవచ్చు. ప్రోస్టేట్ అడ్డుపడి మూత్రం నిలిచిపోతున్నవారికి క్రియాటినిన్ పెరిగి ఉండే అవకాశం ఉంది. అందుకే ఆ రిపోర్టు వెంట ఉండాలి. కిడ్నీ పని 30 కన్నా తక్కువని ఈజీఎఫ్ఆర్ లెక్క చూపితే, డయాలసిస్ జరుగుతుంటే ముందే చెప్పండి. కాంట్రాస్ట్ లేకుండా కూడా చాలా సమాచారం వస్తుంది.

పేగు కదలికలు ఆపడానికి కొన్నిచోట్ల చిన్న ఇంజెక్షన్ ఇస్తారు. కంట్లో నీటికాసులు ఉన్నా, మూత్రం కష్టంగా వస్తున్నా దానికి ముందే చెప్పాలి.

7. మూత్రాశయం, పురీషనాళం: మొత్తం పని ఇక్కడే గెలుస్తుంది లేదా ఓడుతుంది

ప్రోస్టేట్ ఒకచోట బిగించి ఉండే అవయవం కాదు. వెనుక పురీషనాళంలో గాలి నిండితే ముందుకు జరుగుతుంది. పైన మూత్రాశయం నిండినప్పుడు, ఖాళీ అయినప్పుడు దాని చుట్టూ ఉన్న అమరిక మారుతుంది. అందుకే సీటీకి, ఎంఆర్ఐకి, ఆ తర్వాత ప్రతి సిట్టింగుకు ఒకే స్థితి కావాలి: పురీషనాళం ఖాళీగా, మూత్రాశయం ఓర్చుకోగలిగినంత నిండుగా.

రెండు రోజుల ముందు నుంచి గ్యాస్ చేసే తిండి తగ్గించండి. శనగలు, అలసందలు, ఉలవలు, క్యాబేజీ, సోడాలు వద్దు. ఉగ్గాణి తినవచ్చు, పక్కన బజ్జీలు మాత్రం మానేయండి. మలబద్ధకం ఉంటే డాక్టర్ ఇచ్చిన విరేచనాల మందు రాత్రి వేసుకోవాలి. స్కాన్ రోజు ఉదయం మలవిసర్జన అయి తీరాలి. కాకపోతే సిగ్గుపడకుండా టెక్నీషియన్‌కు చెప్పండి, చిన్న ఎనిమాతో తీరిపోతుంది.

నీళ్ల కొలత ఆసుపత్రిని బట్టి మారుతుంది. చాలాచోట్ల పద్ధతి ఇలా ఉంటుంది: ముందు మూత్రం పూర్తిగా పోసి, సుమారు అర లీటరు నీళ్లు పది పదిహేను నిమిషాల్లో తాగి, 45 నిమిషాల నుంచి గంట దాకా ఆగడం. మీకు చెప్పిన కొలత, సమయం రాసుకుని సీటీ రోజున కూడా అవే పాటించండి.

ఎండాకాలంలో ఇంకో చిక్కు వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆదోని నుంచో, గుంతకల్లు నుంచో బస్సులో ఎండకు ఎండి వచ్చిన మనిషి అర లీటరు తాగినా గంటలో మూత్రాశయం నిండదు. ఒళ్లంతా దాహంతో ఉంటుంది, తాగిన నీళ్లు అటే పోతాయి. ముందురోజు సాయంత్రం నుంచే నీళ్లు, మజ్జిగ తాగిస్తూ ఉండండి. వీలైతే ఉదయం మొదటి వంతు అడగండి. గుండె, కిడ్నీ జబ్బుతో నీళ్లు తగ్గించమని చెప్పినవారు మాత్రం డాక్టర్‌ను అడిగాకే తాగాలి.

మూత్రం పట్టుకోలేని మనిషికి బలవంతంగా లీటరు పట్టించకండి. మధ్యలో లేవాల్సి వస్తే స్కాన్ అంతా వృథా. రోజూ పట్టుకోగలిగినంతే సరిపెట్టమని చెప్పండి, ఆ కొలతకే ప్లాన్ వేస్తారు.

పరగడుపున రావాల్సిన అవసరం లేదు. మత్తుమందు ఇస్తామని చెబితే తప్ప తేలికగా తిని, రోజువారీ మాత్రలు వేసుకునే రండి. షుగర్ ఉన్న పెద్దాయన ఖాళీ కడుపుతో వచ్చి యంత్రంలో కళ్లు తిరిగి పడుకుంటే ప్రమాదం. నీళ్ల మాత్ర వాడుతుంటే వేళ మార్చాలా అని డాక్టర్‌ను అడగండి, సొంతంగా మానకండి.

8. యంత్రంలో

సుమారు 30 నుంచి 45 నిమిషాలు వెల్లకిలా పడుకోవాలి. మోకాళ్ల కింద పెట్టే దిమ్మ, పాదాల అమరిక సీటీలో ఉన్నట్లే ఉండాలి. చప్పుడు గట్టిగా ఉంటుంది, చెవులకు మూతలు ఇస్తారు. చేతిలో నొక్కే బెల్లు పెడతారు. కదలకుండా ఉండడం అంటే ఊపిరి బిగబట్టడం కాదు, మామూలుగా పీల్చుకోవచ్చు. పిరుదులు బిగించకుండా వదులుగా ఉంచమని చెప్పండి.

ఇరుకు చోటంటే భయపడేవారికి ముందే గది చూపించండి. కాళ్ల వైపు నుంచి లోపలికి పంపమని అడగవచ్చు. అప్పటికీ కుదరకపోతే తక్కువ మోతాదు మత్తుమందు ఒక దారి.

9. సీడీ తీసుకుని అక్కడే చూసుకోండి

రిపోర్టు, ఫిల్ముల కవరు చేతికి వస్తే పని అయిపోయిందనుకుని బస్సెక్కేవారు చాలామంది. ప్లానింగ్ కంప్యూటర్‌కు ఫిల్ము పనికిరాదు, వాట్సాప్‌లో పంపిన ఫొటో అసలే పనికిరాదు. డైకామ్ (స్కాన్ బొమ్మల కంప్యూటర్ ఫైళ్ల) రూపంలో ఉన్న మొత్తం స్కాన్ కావాలి. కౌంటర్ దగ్గరే ఏదో ఒక కంప్యూటర్‌లో సీడీ తెరిపించి ఇవి చూడండి:

- పేరు, వయసు, తేదీ సరిగా ఉన్నాయా
- పక్కన ఉన్న వరుసలో టీ2 యాక్సియల్ (అడ్డకోతలు), డీడబ్ల్యూఐ, ఏడీసీ అనే బొమ్మల రకాల పేర్లు ఉన్నాయా (ప్లానింగ్ స్కాన్‌కు టీ2 యాక్సియల్ ఒక్కటి తప్పనిసరి)
- టీ2 బొమ్మల్లో కోత మందం 3 లేదా అంతకన్నా తక్కువ ఉందా
- బొమ్మలు మసకగా, రెండు గీతలుగా కనిపిస్తున్నాయా (అలా ఉంటే మనిషి కదిలినట్లు)
- మధ్యలో నల్లటి పెద్ద గుండ్రం ఉందా (టీ2 బొమ్మలో గాలి నల్లగా, నిండిన మూత్రాశయం తెల్లగా కనిపిస్తుంది)

పురీషనాళంలో గాలి గుండ్రం పెద్దదిగా ఉంటే ఆ నిమిషంలోనే టెక్నీషియన్‌ను అడగండి. గాలి పోయాక ఆ ఒక్క వరుస మళ్లీ తీయడానికి పది నిమిషాలు చాలు. ఇంటికి వెళ్లాక తెలిస్తే మళ్లీ ఒక రోజు, మళ్లీ ఒక ఖర్చు. సీడీని ఇంకో ప్రతి తీయించి పెన్‌డ్రైవ్‌లో కూడా వేయించుకోండి. కొన్ని ఆసుపత్రుల కొత్త కంప్యూటర్లకు సీడీ పెట్టే చోటే ఉండదు.

10. రిపోర్టులో ఏం చూడాలి

ప్రోస్టేట్ పరిమాణం మిల్లీలీటర్లలో, మచ్చ ఎక్కడ ఎంత ఉంది, పైపొర దాటిందా, వీర్యకోశాలు, లింఫు గ్రంథులు, కటి ఎముకలు. ఈ ఆరింటికీ జవాబు ఉండాలి. ఏ ఒక్కదాని మాటా లేకపోతే రేడియాలజిస్టును అడిగి చేర్పించవచ్చు. పైరాడ్స్ అనే 1 నుంచి 5 అంకె చూసి కంగారుపడకండి. అది క్యాన్సర్ ఉండే అవకాశాన్ని చెప్పే అంకె, జబ్బు దశ కాదు. బయాప్సీలో తేలినవారికి దాని అవసరం దాదాపు తీరిపోయినట్లే.

ఎముకలకు పాకిందా అన్న ప్రశ్నకు ప్రోస్టేట్ ఎంఆర్ఐ పూర్తి జవాబు కాదు. కటి ఎముకలే అందులో వస్తాయి. ఎక్కువ ముప్పు ఉన్నవారికి బోన్ స్కాన్ లేదా పీఎస్ఎంఏ పెట్ (ప్రోస్టేట్ క్యాన్సర్ ఒంట్లో ఎక్కడికి పాకిందో చూపే స్కాన్) విడిగా అడుగుతారు. ఎంఆర్ఐ బాగుందని దాన్ని ఎగ్గొట్టకండి.

11. ఫ్యూజన్ చూపించమని అడగండి

ప్లాన్ సిద్ధమయ్యాక డాక్టర్‌ను ఐదు నిమిషాలు అడిగి తెర మీద చూడండి. సీటీ, ఎంఆర్ఐ ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ఎముకలు కలిశాయా అని కాదు, ప్రోస్టేట్‌కు ప్రోస్టేట్ కలిసిందా అని అడగండి. ఎముకలు చక్కగా కలిసి, లోపల ప్రోస్టేట్ అర సెంటీమీటరు జరిగి ఉండవచ్చు. ప్రోస్టేట్‌లో బంగారు మార్కర్లు (గుర్తు కోసం పెట్టే చిన్న ముక్కలు) పెట్టి ఉంటే రెండు బొమ్మల్లోనూ అవి ఒకేచోట పడాలి. ఎంఆర్ఐలో చిన్న నల్లచుక్కలుగా, సీటీలో తెల్లగా మెరుస్తూ ఉంటాయి. మార్కర్లు పెట్టిన తర్వాత వాపు తగ్గడానికి వారం రోజులు ఇచ్చి, ఆపై రెండు స్కాన్‌లూ తీయించడం మేలు.

ఇలా అడిగితే డాక్టర్‌కు కోపం వస్తుందని భయపడకండి. శ్రద్ధగా పనిచేసేవారు సంతోషంగా చూపిస్తారు.

ఎంఆర్ఐ కుదరని వారికి

పేస్‌మేకర్ వల్లనో, ఇంకే కారణం వల్లనో ఎంఆర్ఐ తీయలేకపోతే రేడియేషన్ ఆగిపోదు. ఎంఆర్ఐ లేని రోజుల నుంచీ సీటీతోనే చికిత్స ఇస్తున్నారు, ఇప్పటికీ ఎన్నోచోట్ల ఇస్తున్నారు. డాక్టర్లు అంచులు కొంచెం జాగ్రత్తగా గీస్తారు, మార్కర్లు పెడతారు, రోజూ చికిత్సకు ముందు యంత్రం మీదే చిన్న సీటీ తీసి సరిచూస్తారు.

ఎంఆర్ఐ చూస్తూనే రేడియేషన్ ఇచ్చే ఎంఆర్-లినాక్ యంత్రాల గురించి కూడా అడుగుతుంటారు. 2023లో వచ్చిన మిరాజ్ అనే అమెరికా పరీక్షలో, ఐదు సిట్టింగుల చికిత్సకు ప్రోస్టేట్ చుట్టూ వదిలే అంచును ఆ యంత్రంతో 4 మిల్లీమీటర్ల నుంచి 2కు తగ్గించగలిగారు. తొలి మూడు నెలల్లో చెప్పుకోదగ్గ మూత్ర ఇబ్బందులు 43 శాతం నుంచి 24 శాతానికి తగ్గాయి. మంచి ఫలితమే. కానీ దానికోసం అప్పు చేసి దూరం పోవాలని మాత్రం నేను చెప్పను. 20 సిట్టింగుల్లో 60 గ్రే ఇచ్చే మామూలు చికిత్సకు పెద్ద పరీక్షల బలం ఉంది.

సీటీ సిమ్యులేషన్ అయ్యాక, మొదటి సిట్టింగుకు ముందు మూత్రం ఆగి గొట్టం పెట్టాల్సి వచ్చినా, పెట్టిన గొట్టం తీసేసినా, చికిత్స మూడు నాలుగు వారాలు వాయిదా పడినా ప్లానింగ్ విభాగానికి ఫోన్ చేసి చెప్పండి. పాత బొమ్మలు ఇంకా సరిపోతాయా, మళ్లీ తీయాలా అన్నది వాళ్లు అప్పుడే చూసి చెబుతారు.